అధిక దినము ఎవరిది?

కాలమునకు ఆదియు లేదు, అంతమును లేదు అని పెద్దలు చెప్పుదురు. అయినను మానవుడు దానిని కొలువక మానడు. కొలిచిన చోట శేషము మిగులును. శేషము మిగిలిన చోట అది ఎవరికి చెందవలెనను ప్రశ్న పుట్టును. కళ్లములో ధాన్యమును కుంచముతో కొలుచునపుడు చివర మిగిలిన గింజల గూర్చి ఈ ప్రశ్న వచ్చినట్లే, సంవత్సరములో ఇమడక మిగిలిన దినముల గూర్చియు వచ్చును. ఇది చూచుటకు గణితశాస్త్రపు ప్రశ్నవలె నుండును. నిజమునకు ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమునందలి మౌంట్ రాస్కిల్‌లో ఒక తెలుగు ఇంటిని పాఠకులు ఊహింపవలెను. ఆ ఇంటి తాతగారు 1964వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన, శనివారము నాడు, ఫిజీ దేశమున చెరకు తోటల నడుమ జన్మించెను. 1987 తరువాత ఆయన భార్యాబిడ్డలతో ఇచ్చటికి తరలివచ్చెను. ఆయన అన్నగారు మాత్రము ఫిజీలోనే నిలిచిపోయెను. 2024వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీ గురువారము నాటికి తాతగారికి అరువది ఏండ్లు నిండినవి. వేసవి చివరి దినములు. ఇంటిలో షష్టిపూర్తి సన్నాహములు జరుగుచున్నవి. అపుడు చిన్న మనుమరాలు, "తాతా, నీకు పదిహేనేండ్లే గదా! నీ పుట్టినరోజు పదిహేను మార్లే వచ్చినది" అనెను. అవ్వగారు నవ్వి, "అట్లయిన మీ తాతకు మరల పెండ్లి చేయుట ఎట్లు తల్లీ, ఈడు చాలదే!" అనెను. ఇంటిల్లిపాదియు నవ్వినది.

మనుమరాలి లెక్క తప్పు కాదు. 1964 తరువాత 1968 మొదలు 2024 వరకు లీపు దినములు సరిగా పదిహేను వచ్చినవి. పదిహేనును నాలుగుతో గుణించిన అరువది. తెలుగువారి ప్రభవాది సంవత్సరముల చక్రము కూడ అరువదియే. ఆయన జన్మించినది శోభకృత్ నామ సంవత్సరమున. షష్టిపూర్తి నాటికి మరల అదే శోభకృత్ నామ సంవత్సరము నడచుచుండెను. పాశ్చాత్యుల లెక్కయు తెలుగువారి లెక్కయు ఆ ఇంటిలో ఆనాడు చేయి చేయి కలిపినవి.

లీపు సంవత్సరములను పెద్ద కాలమానములలోనికి మార్చుటకు పిల్లలకు నేర్పు సూత్రము సులభమైనది. ఒక లీపు సంవత్సరమునకు నాలుగేండ్లు, ఐదింటికి ఇరువది ఏండ్లు, పదిహేనింటికి షష్టిపూర్తి, ఇరువది ఐదింటికి శతాబ్దము. అయితే ఈ సూత్రము అన్ని చోట్ల నిలువదు. మొదటి చిక్కు దశాబ్దముతోనే వచ్చును. పదిని నాలుగు నిశ్శేషముగా భాగింపదు గనుక ఒక దశాబ్దములో లీపు దినములు ఒకప్పుడు రెండు, ఒకప్పుడు మూడు వచ్చును. రెండవ చిక్కు శతాబ్దముతో వచ్చును. 1900వ సంవత్సరము లీపు సంవత్సరము కాదు; 2000వ సంవత్సరము లీపు సంవత్సరమే; 2100 మరల కాదు. నాలుగు వందల ఏండ్లలో లీపు సంవత్సరములు 97 మాత్రమే. తొంబది యేడును నాలుగుతో గుణించిన 388 వచ్చును గాని 400 రాదు.

ఈ భేదము ఫిజీ భారతీయుల చరిత్రలోనే స్పష్టముగా కనబడును. గిర్మిట్ కూలీలతో 'లియోనిడాస్' ఓడ ఫిజీ చేరినది 1879వ సంవత్సరము మే 14వ తేదీన. ఆ దేశమున మొదటి సైనిక తిరుగుబాటు జరిగి, వేలాది కుటుంబములు దేశము విడుచుటకు కారణమైనది 1987వ సంవత్సరము మే 14వ తేదీన. ఈ రెండు దినముల నడుమ సరిగా 108 సంవత్సరములు. జపమాలలోని పూసలెన్నియో అన్ని ఏండ్లు! ఆ నడుమ వచ్చిన లీపు దినములు 26. ఎవడైనను ఆ ఇరువది ఆరింటిని నాలుగుతో గుణించి కాలమును కనుగొన జూచిన, 104 ఏండ్లే వచ్చును. నాలుగేండ్లు లెక్కలో జారిపోవును. కాని ఆ నాలుగేండ్లు ఎవరో ఒకరు బ్రతికిన ఏండ్లే. 1896 ఫిబ్రవరి 29 తరువాత 1904 ఫిబ్రవరి 29 వరకు ఎనిమిదేండ్లు లీపు దినమే రాలేదు. ఆ ఎనిమిదేండ్లును చెరకు తోటలలో కత్తి పట్టిన చేతులు ఆగలేదు. లెక్కలో జారిపోయిన కాలము జీవితములో జారిపోదు.

ఇంతకును ఈ అధిక దినము ఎక్కడి నుండి వచ్చుచున్నది? భూమి సూర్యుని చుట్టివచ్చుటకు సుమారు 365 దినముల 5 గంటల 48 నిముషముల 45 సెకండ్లు పట్టును. అనగా ప్రతి సంవత్సరమును తనలో ఇమడని ఐదు గంటల పైచిలుకు కాలమును చెప్పకయే వాడుకొనుచున్నది. నాలుగేండ్లకు ఆ బాకీ 23 గంటల 15 నిముషములు. దానికి బదులుగా 24 గంటల పూర్తి దినమును చెల్లించుచున్నారు. కనుక లీపు దినము కాలము ఇచ్చిన బహుమానము కాదు. అది పాత బాకీ తీర్పు. పైగా ఆ తీర్పులో 45 నిముషములు అధికముగా చెల్లింపబడినవి. ఆ నలువది ఐదు నిముషములు నూరేండ్లలో 18 గంటల 45 నిముషములగును. అందుచే శతాబ్దమునకు ఒక లీపు దినమును మానుకొందురు. అపుడు 5 గంటల 15 నిముషముల కొరత పడును. నాలుగు శతాబ్దములకు అది 21 గంటలగును. అందుచే నాలుగవ శతాబ్దమున ఆ దినమును మరల ఇత్తురు. అప్పటికిని సుమారు మూడు గంటలు అధికముగా చెల్లింపబడును. ఇట్లు తీర్చిన కొలదియు ఏదో కొంత మిగులుచునే యుండును.

ఇందులో ఒక నీతి గలదు. చిన్న కొలతలో కనబడని దోషము పెద్ద కొలతలో కనబడును. ఒక సంవత్సరములో పావు దినము ఎవరికిని కనబడదు; నాలుగేండ్లలో కనబడును. నాలుగేండ్లలో ముప్పావు గంట కనబడదు, శతాబ్దములలో కనబడును. జూలియస్ సీజరు కాలపు పంచాంగమున ఈ చిన్న తప్పు పెరిగి పెరిగి పది దినములైనది. 1582వ సంవత్సరమున పోపు పదమూడవ గ్రెగరీ ఆజ్ఞచే అక్టోబరు 4వ తేదీ మరునాడు అక్టోబరు 15వ తేదీగా లెక్కింపబడినది. మనుష్యుల నడుమ అన్యాయములును ఇట్టివే. ఒక దినమున చూచిన అవి అల్పములు. ఒక తరమున చూచిన అవి కొండలు.

భారతీయుల పూర్వులు ఈ శేషమును మరియొక విధమున సరిచేసికొనిరి. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు. సౌరమానమున కంటె దాదాపు పదకొండు దినములు తక్కువ. ఆ కొరత నెల ప్రమాణము కాగానే ఒక అధిక మాసమును చేర్తురు. 2020లో అధిక ఆశ్వయుజము, 2023లో అధిక శ్రావణము, 2026లో అధిక జ్యేష్ఠము వచ్చినవి. మిక్కిలి ప్రాచీనమైన వేదాంగ జ్యోతిషమున ఐదు సంవత్సరములను ఒక యుగముగా గణించిరి. ఆ యుగమునకు 1830 దినములు, 62 చాంద్రమాసములు. అందు రెండు అధిక మాసములు. ఐదేండ్ల యుగము! గిర్మిట్ వంశీయులు ఈ మాటను విని ఒక్క నిముషము ఆగుదురు. వారి పూర్వుల ఒడంబడిక గడువును ఐదేండ్లే.

అధిక మాసముల లెక్క న్యాయనిర్ణయమునకు వచ్చిన ఘట్టము ఒకటి మహాభారతమున విరాటపర్వమునందు గలదు. తెలుగున ఆ పర్వమును రచించినవాడు తిక్కన. వానలు కురియనపుడు ఆంధ్రదేశమున దానిని పారాయణము చేయించు ఆచారము కూడ గలదు. పాండవులు పన్నెండేండ్లు అరణ్యవాసము, ఒక ఏడు అజ్ఞాతవాసము చేయవలెను. గోగ్రహణ సమయమున బృహన్నల వేషము వీడి అర్జునుడు బయటపడెను. గడువు తీరకముందే దొరికెనని, మరల పన్నెండేండ్లు అడవికి పోవలసినదేనని దుర్యోధనుడు తలచెను. అపుడు భీష్ముడు లెక్క చెప్పెను. ఐదేండ్లకు రెండు అధిక మాసములు వచ్చును గనుక, వాటిని కూడ గణించినచో పదమూడేండ్ల గడువు తీరి ఇంకను ఐదు నెలల పన్నెండు రాత్రులు పైబడినవని ఆయన నిర్ణయించెను.

ఇచ్చట గణితము కంటె గణించినవాడు ముఖ్యుడు. భీష్ముడు దుర్యోధనుని పక్షమున ధనుస్సు పట్టి నిలిచినవాడు; ఆ రాజు అన్నము తిన్నవాడు. లెక్కను ఒక నెల ఇటు, ఒక నెల అటు త్రిప్పిన అడుగువారు లేరు. అయినను తన పక్షమునకు నష్టము కలుగు లెక్కనే ఆయన బహిరంగముగా చెప్పెను. దుర్యోధనుడు దానిని అంగీకరింపకపోవుట వేరు సంగతి. కాలమును కొలుచువాడు కొలతబద్దను తన వైపునకు వంచకుండుటయే ధర్మమని ఆ ఘట్టము తెలుపుచున్నది.

ఈ ధర్మముతో గిర్మిట్‌ను తూచి చూడవలెను. 1879 మొదలు 1916 వరకు అరువది వేలకు పైగా భారతీయులు కూలీలుగా ఫిజీకి కొనిపోబడిరి. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా దక్షిణాది వారును, వారిలో తెలుగువారును వచ్చిరి. ఒడంబడిక ఐదేండ్లు. వారమునకు ఐదు దినములు తొమ్మిదేసి గంటలు, శనివారము ఐదు గంటలు పని. పూర్తి పనికి పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి.

ఐదేండ్లనగా ఎన్ని దినములు? 1896 మే నెలలో ఒడంబడిక ఆరంభించినవానికి 1901 మే వరకు లీపు దినమే లేదు. వాని ఐదేండ్లు 1825 దినములు. 1912 జూన్‌లో ఆరంభించినవానికి ఒక లీపు దినము. వాని ఐదేండ్లు 1826 దినములు. 1911 జూన్‌లో ఆరంభించినవానికి 1912లో ఒకటి, 1916లో ఒకటి, రెండు లీపు దినములు. వాని ఐదేండ్లు 1827 దినములు. 1912 ఫిబ్రవరి 29 గురువారము, 1916 ఫిబ్రవరి 29 మంగళవారము. రెండును పని దినములే. ఒకే ఒడంబడిక, ఒకే వ్రేలిముద్ర, ఒకే 'ఐదేండ్లు' అను మాట. కాని మూడు వేర్వేరు గడువులు.

దీనికి ఆక్షేపణ చెప్పువారు గలరు. ఆ దినమునకును కూలి ముట్టినది గదా అందురు. నిజమే; కాని కూలీ ఎదురుచూచినది షిల్లింగు కొరకు మాత్రమే కాదు, విడుదల కొరకును. కూలికి వెల గలదు, విడుదలకు వెల లేదు. పదునెనిమిది వందల దినములలో ఒక దినము ఏపాటిదని మరికొందరు అందురు. వెలుపల నున్న వానికి అది ఏపాటిది కాకపోవచ్చును. లోపల నున్న వానికి చివరి దినము మొదటి సంవత్సరము కంటె దీర్ఘమైనది. పంచాంగమున ఎవరి కుట్రయు లేదు, సూర్యచంద్రుల గతికి తోటల దొర బాధ్యుడా అని ఇంకొందరు అడుగుదురు. ఇది బలమైన ఆక్షేపణ. పైగా త్రాసునకు రెండు తట్టలు గలవు. 1827 దినములు పనిచేసినవాడు ఒక దినము నష్టపోయెననిన, 1825 దినములతో విడుదలైనవాడు ఒక దినము లాభపడెనని ఒప్పుకొనక తప్పదు. పంచాంగము తనంతట తాను ఎవరి పక్షమును వహింపలేదు.

దోషము పంచాంగమున లేదు. కొలిచిన చేతిలో గలదు. కూలీ పనికి రాని దినములను గడువునకు చేర్చుటకు ఆనాటి చట్టము వీలు కల్పించెను. అనగా యజమానికి నష్టము వచ్చిన చోట కాలమును దినములతో కొలిచిరి. కూలీకి అధిక దినము పడిన చోట సంవత్సరములతో కొలిచిరి. తనకు రావలసినదానికి చిన్న కుంచము, తాను ఈయవలసినదానికి పెద్ద కుంచము! ఇదియే అన్యాయము. ఒక్క లీపు దినము దానికి సాక్షి మాత్రమే.

అట్లని ఆ సామ్రాజ్యమునకు న్యాయమైన లెక్క తెలియక కాదు. బ్రిటిష్ పార్లమెంటు 1750లో చేసిన చట్టము ననుసరించి 1752లో క్రొత్త పంచాంగము అమలునకు వచ్చి, సెప్టెంబరు 2వ తేదీ మరునాడు 14వ తేదీ అయినది. పదకొండు తేదీలు ఎగిరిపోయినందున అద్దెలు, అప్పులు ముందుగానే చెల్లింపవలసిన గతి పట్టకూడదని, వెనుకటి వలెనే సహజముగా గడచు దినముల లెక్కన గడువు తీరవలెనని ఆ చట్టములోనే వ్రాసికొనిరి. స్వదేశమున అద్దె చెల్లించువాని దినములను అంత జాగ్రత్తగా లెక్కించిరి. సముద్రములకు ఆవల చెరకు నరుకువాని ఒడంబడికలో 'ఐదేండ్లు' అని వ్రాసి ఊరకుండిరి. 1920 జనవరి 1వ తేదీతో మిగిలిన ఒడంబడికలన్నియు రద్దయినవి. ఆనాడు విడుదలైన వారిని ఇన్ని దినములు మిగిలినవి, అన్ని దినములు చెల్లినవి అని ఎవరును అడుగలేదు. చెరసాల తలుపు తెరచినపుడు ఎవరును శేషమును లెక్కింపరు.

ఇంతవరకు ఇతరుల లెక్క చూచుట జరిగినది. ఇతరుల లెక్క చూచినవాడు తన లెక్కను కూడ చూచుకొనవలెను. లేనిచో వాడును రెండు కుంచముల వాడే అగును. నేటి సంసారములలో ఈ రెండు కుంచములు లేవని చెప్పజాలము. ఇతరులు తనకు చేసిన లోపమును మనుష్యుడు గంటలతో లెక్కించును. తాను ఇతరులకు చేయవలసినదానిని "వచ్చే ఏడు చూతము" అని ఏండ్లతో లెక్కించును. బంధువు ఒక మాట జారిన దినము తేదీతో సహా జ్ఞాపకముండును. ఆ బంధువే ఓడ దిగినవారికి అన్నము పెట్టి ఆశ్రయమిచ్చిన నెలలు 'ఆ రోజులలో' అను ఒక్క మాటలో ఇమిడిపోవును.

పైన చెప్పిన తాతగారి ఇంటనే చూడవచ్చును. ఫిజీలో నిలిచిన అన్నగారు చెరకు పొలమును ముప్పది ఏండ్ల కౌలుకు తీసికొని సేద్యము చేసెను. ముప్పది ఏండ్లనగా ఏడో ఎనిమిదో లీపు దినములు. 1997 మొదలుకొని అట్టి కౌలు గడువులు తీరుచు వచ్చినపుడు ఎందరో రైతులు పుట్టి పెరిగిన ఇండ్లను విడిచిరి, అన్నగారును విడిచెను. అప్పటి నుండి తమ్ముడు, "వచ్చే ఏడు తప్పక వచ్చి చూచెదను అన్నా" అని ప్రతి ఉగాదికిని టెలిఫోనులో చెప్పుచునే యుండెను. ఉగాది దక్షిణార్ధగోళమున వసంతములో రాదు, ఆకులు రాలు కాలమున వచ్చును. ఆ ఆకులు ఎన్ని మార్లు రాలినవో తమ్ముడు లెక్కింపలేదు. అన్నగారు లెక్కించుచుండెను. ఆ అన్నదమ్ములలో లీపు దినము ఎవరిది, బాకీ ఎవరిది అనునది పాఠకులే నిర్ణయింపవచ్చును.

మరి అధిక దినము ఎవరిది? అధిక మాసమును గూర్చి పురాణములు ఒక కథ చెప్పును. పన్నెండు మాసములకును అధిదేవతలు గలరు. అధిక మాసమునకు ఎవరును లేరు. మలమాసమని అందరును దానిని త్రోసివేయగా అది విష్ణువును శరణు వేడెను. ఆయన దానికి తన పేరే ఇచ్చి పురుషోత్తమ మాసము చేసెను. నాటి నుండి ఆ మాసము పెండ్లిండ్లకు గాక జపదానములకు వినియోగమగుచున్నది. శేషమును తన సొత్తుగా దాచుకొనకూడదు, దిక్కులేనివారికి చెందనీయవలెను అనునదే ఈ కథ భావము.

లీపు దినమునకును ఈ న్యాయమే వర్తించును. అది నాలుగేండ్లుగా పేరుకొనిన బాకీ గనుక బాకీలు తీర్చుటకే అది తగినది. 1461 దినములకు ఒక దినము! ఆ దినమున ప్రతి కుటుంబమును ఒక పుస్తకము తెరచి, తమ ముత్తాత ఏ ఊరివాడో, ఏ ఏట ఓడ ఎక్కెనో, ఎన్ని దినములు పనిచేసెనో, తమ ముత్తవ్వ పేరేమో వ్రాసియుంచినచో అది గొప్ప పితృతర్పణమగును. వలస పత్రములలో పరభాషల గుమాస్తాలు తోచినట్లు వ్రాసిన తెలుగు పేర్లు ఎన్నియో గలవు. వాటిని సరిగా పలుకగల వృద్ధులు ఉన్నపుడే సరిచేయవలెను. ఆ బాకీ తీర్చుటకు శతాబ్దము చివరి వరకు వేచియుండుట తగదు. ఏలయన శతాబ్దము చివర లీపు దినము రాదు.

మౌంట్ రాస్కిల్‌కు ఆ పేరు వచ్చిన కొండ ఒక చల్లారిన అగ్నిపర్వతము. మావోరీలు దానిని పుకెవీవీ అందురు. వారికిని చంద్రుని గతితో నడచు పంచాంగము గలదు. వారి మాతారికి పండుగ 2022 నుండి ఈ దేశమునకంతకు సెలవు దినమైనది. ఫిజీలో 2023వ సంవత్సరమున గిర్మిట్ దినమును మొదటిమారు సెలవు దినముగా జరుపుకొనిరి. కనుక ఆలస్యమైనను బాకీలు తీరుననుటకు నిదర్శనములు లేకపోలేదు.

షష్టిపూర్తి నాటి సాయంకాలము తాతగారు మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని టెలిఫోను అందుకొనెను. ఈ మారు "వచ్చే ఏడు" అనలేదు. విమానము బయలుదేరు తేదీ చెప్పెను. అవతల అన్నగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "అంతవరకు ఎన్ని దినములురా?" అని మాత్రము అడిగెను. మనుమరాలు వ్రేళ్లు మడచి లెక్కించి, "పందొమ్మిది దినములు పెదతాతా" అనెను.

తదుపరి అధిక దినము 2028వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీ, మంగళవారము. అది ఎవరిదో నిర్ణయించుటకు ప్రతి ఇంటికిని వ్యవధి గలదు; కాని ఆ వ్యవధిని ఏండ్లతో గాక దినములతో లెక్కించుట మేలు.